మస్టరు మైకులో చదివిన రోజు

సమాచార హక్కుకు దారి వేసిన బ్యావర్ ధర్నాకు 2026 ఏప్రిల్ 6తో 30 ఏళ్లు. రాజస్థాన్‌లో అజ్మీర్ దాటాక వచ్చే ఈ ఊరు నువ్వుల పట్టీలకు పేరుపడింది. సమాచార హక్కు చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చిందంటే, 2005 అక్టోబరు 12 అని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఠక్కున చెబుతారు. ఆ రోజు విజయదశమి. కానీ ఆ చట్టం ఎవరి కష్టం అని అడిగితే మాత్రం, బ్యావర్‌లో చాంగ్ గేట్ దగ్గర 40 రోజులు ఎండలో కూర్చున్న కూలిజనం పేరే చెప్పాలి. వాళ్ల కథ మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా వివరంగా ఉండాల్సింది.

లెక్క చెప్పనివాడికి పెత్తనం ఇవ్వకూడదన్న పట్టింపు ఈ దేశంలో పాతదే. తమిళనాడులోని ఉత్తరమేరూరు గుడి గోడల మీద పదో శతాబ్దపు చోళ శాసనాలు ఉన్నాయి. ఊరి సంఘాల సభ్యులను ఎంచడానికి పేర్లు రాసిన తాటాకులను కుండలో వేసి తీసేవారు. అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడి పేరు ఆ కుండలో పడకూడదు. అతని దగ్గరి బంధువుల పేర్లు కూడా పడకూడదు. నిబంధనను రాతి మీద చెక్కి, నలుగురూ తిరిగే చోట పెట్టారు.

మన తెలుగు పల్లెల్లో లెక్క కరణం ఇంట్లో ఉండేది. మాన్యాలు, ఈనాములు, పొలిమేరలు, ఎవరి తర్వాత ఎవరికి ఏ హక్కు వచ్చింది, అన్నీ దండకవిలెలనే ఊరి లెక్కల కట్టల్లోకి ఎక్కేవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులనే ఊరి చరిత్రలు సేకరించినప్పుడు చాలాచోట్ల ఆధారంగా చూపింది ఆ కవిలెలనే. కాగితం ఉండేది, చూసే హక్కు మాత్రం రైతుకు లేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల పదవులు రద్దు చేసినా ఆ కట్ట మండలాఫీసు బీరువాలోకి మారిందే గానీ రైతు కంటికి దగ్గర కాలేదు.

బయటి ప్రపంచంలో తొలి అడుగు స్వీడన్‌ది. 1766 డిసెంబరు 2న వచ్చిన పత్రికా స్వేచ్ఛ చట్టంలోనే ప్రభుత్వ కాగితాలు చూసే హక్కును కూడా చేర్చారు. దానికోసం గట్టిగా పోరాడినవాడు ఆండర్స్ చూడేనియస్ అనే మతగురువు. అమెరికా అలాంటి చట్టం చేయడానికి మరో 200 ఏళ్లు పట్టింది. ఈలోగా మనకు బ్రిటిష్ వాళ్లు ఇచ్చింది దానికి పూర్తి విరుద్ధమైన చట్టం. 1889లో మొదలుపెట్టి, 1904లో కర్జన్ హయాంలో బిగించి, 1923లో అధికార రహస్యాల చట్టంగా స్థిరపరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

1975లో సుప్రీంకోర్టు ఒక కిటికీ తెరిచింది. ఇందిరా గాంధీ ఎన్నికపై రాజ్ నారాయణ్ వేసిన కేసులో, ప్రధాని భద్రతా ఏర్పాట్ల పుస్తకాన్ని కోర్టుకు చూపాలా వద్దా అన్న వివాదం అక్కడిదాకా వెళ్లింది. ప్రజల తరఫున ప్రజాసేవకులు చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకుందని జస్టిస్ కె.కె. మాథ్యూ ఆ తీర్పులో రాశారు. గొప్ప మాట. కానీ మండలాఫీసు గుమ్మంలో నిలబడ్డ మనిషి చేతికి ఆ మాటతో ఒక్క కాగితమైనా రాలేదు. అలా వచ్చేటట్టు చేసినవాళ్లు రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్, పాలీ, అజ్మీర్ జిల్లాల కరువు పల్లెల నుంచి వచ్చారు.

1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ భీమ్ దగ్గరున్న దేవ్‌డుంగ్రి అనే చిన్న ఊళ్లో ఒక మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. అరుణా రాయ్ మద్రాసులో పుట్టిన మనిషి, ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి వచ్చారు. నిఖిల్ డే అమెరికాలో చదువు వదిలి వచ్చిన యువకుడు. శంకర్ సింగ్ అదే ప్రాంతం వాడు, తోలుబొమ్మలు ఆడిస్తాడు, పాట కడతాడు, మాటతో జనాన్ని కట్టిపడేస్తాడు. ముగ్గురిలో ఆయనంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బడికి వెళ్లనివాళ్లకు అవినీతి లెక్కను పాటగా చెప్పి అర్థం చేయించడం ఎంత చదువున్నవాళ్లకైనా అంత తేలిక కాదు.

అప్పట్లో అక్కడ కరువు పనులు. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం రోజుకు 11 రూపాయలు. చేతికి వచ్చేది అందులో సగం, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువ. అడిగితే, మీరు పని చేయలేదు, కొలతల్లో తేలలేదు అన్నారు. చేశామని వీళ్లు, చేయలేదని వాళ్లు. ఎవరి మాట నిజమో తేల్చగలిగింది మస్టరు ఒక్కటే. ఎవరు ఏ రోజు పనికొచ్చారు, ఎంత తీసుకున్నారు అని వేలిముద్రలతో సహా ఉండే కాగితం అది. చూపించండి అంటే రహస్యం అన్నారు. మట్టి తవ్విన మనిషికి తాను మట్టి తవ్వినట్టు రాసిన కాగితం రహస్యమైపోయింది. 1990 మే 1న భీమ్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. దాని పోరాటం కూలి డబ్బుతో మొదలై నెమ్మదిగా ఆ కాగితం మీదికి మళ్లింది.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన సునవాయీ, అంటే ప్రజా విచారణ, జరిగింది. స్వీడన్ చట్టానికి సరిగ్గా 228 ఏళ్లు నిండిన రోజది. ఆ ఊరి కూలీలకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఒక అధికారి రికార్డులు చూడనిస్తే కార్యకర్తలు వాటిని చేత్తో రాసుకుని ఇంటింటికీ తిరిగి సరిచూశారు. సభ రోజు టెంటు వేసి మైకు పెట్టి మస్టరు తెరిచి, పేరు, పని చేసిన రోజులు, ఇచ్చిన డబ్బు, ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టారు.

ఆ సభను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అందులో చనిపోయినవాళ్ల పేర్లున్నాయి. ఊరొదిలి ఏళ్లయినవాళ్ల పేర్లున్నాయి. ఆ పనికి అసలు పోనివాళ్ల పేరున కూలి ఇచ్చినట్టుంది. పేరు వినబడగానే ఆ మనిషి జనంలోంచి లేచి, నేను ఆ పనికి పోలేదు, ఆ డబ్బు నాకు ముట్టలేదు అంటున్నాడు. పట్వారీ కోసం కట్టిన భవనం రికార్డులో పూర్తయింది, ఇంజనీరు సంతకం కూడా ఉంది. ఊరివాళ్లకు తెలిసిన భవనానికి కప్పే లేదు. ఊళ్లో అందరికీ లోపల తెలిసిన దొంగతనమే అది. కానీ గుసగుసగా చెప్పుకున్నంతకాలం అది పుకారు. తేదీ, అంకె, సంతకంతో మైకులో వినబడేసరికి సాక్ష్యమైంది.

ఆ తర్వాత భీమ్, విజయపుర, జవాజా... వరుసగా జన సునవాయీలు జరిగాయి. భీమ్‌లో తోలని సామానుకు బిల్లులు పెట్టి డబ్బు తీసుకున్న ఒక కంపెనీ కాగితాల్లో తప్ప ఎక్కడా లేదని తేలింది. సంఘటన్ అడిగినవి నాలుగు: కాగితాలు బయటపెట్టాలి, తప్పు చేసినవాడు జవాబు చెప్పాలి, లెక్కల తనిఖీ ఊరి ముందే జరగాలి, మింగిన డబ్బు తిరిగి కట్టాలి. రికార్డులు చూపించేది లేదని గ్రామసేవకులు సమ్మెకు కూడా దిగారు. నా దృష్టిలో, కాగితం పదును ఏమిటో కూలీలకన్నా ముందు గుర్తించింది వాళ్లే.

1995 ఏప్రిల్ 5న ముఖ్యమంత్రి భైరోసింగ్ షెకావత్ శాసనసభలో, పంచాయతీ పనుల కాగితాల నకళ్లు ఎవరైనా డబ్బు కట్టి తీసుకోవచ్చన్నారు. ఏడాది గడిచినా ఉత్తర్వు రాలేదు. ఏడాది నిండిన మర్నాడు, 1996 ఏప్రిల్ 6న, బ్యావర్‌లో కూర్చున్నారు. లోక్‌సభ ఎన్నికల వేళ అది. ఒక్కో ఇంటి నుంచి కొన్ని కిలోల చొప్పున ధాన్యం వచ్చింది. పనులు మానుకోలేని కుటుంబాలు వంతులవారీగా వచ్చి కూర్చున్నాయి. బజారులో కూరగాయలవాళ్లు కూరగాయలిచ్చారు. ఊరి కార్మిక సంఘాలు వచ్చి చేరాయి. అంబేడ్కర్ జయంతి, మేడే అక్కడే జరుపుకున్నారు. పగలు ఉపన్యాసాలు, సాయంత్రం పాటలు, శంకర్ సింగ్ బొమ్మలాట. నినాదం ఒక్కటే, మా డబ్బు, మా లెక్క. జనసత్తా వ్యవస్థాపక సంపాదకుడు ప్రభాష్ జోషి వచ్చి చూసి, ఈ కోరిక ఒక్క రాజస్థాన్‌ది కాదని దేశానికి చెప్పారు. నిఖిల్ చక్రవర్తి, కుల్‌దీప్ నయ్యర్ వంటి పెద్దలు తోడయ్యారు.

సంఘటన్‌కు చెందిన సుశీల అన్న మాట ఆ రోజుల్లోదే. ప్రాథమిక పాఠశాల దాటని ఆ మహిళను ఢిల్లీలో విలేకరులు, ఇంత చిన్న చదువుతో నీకీ హక్కు ఎందుకని అడిగారు. పది రూపాయలిచ్చి కొడుకును బజారుకు పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, నా పేరున ప్రభుత్వం కోట్లు ఖర్చుపెడుతుంటే అడగకూడదా అన్నదామె. చట్టం ఉద్దేశం గురించి నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

40 రోజుల తర్వాత ప్రభుత్వం కమిటీ వేసింది. కదలిక లేకపోయేసరికి 1997లో జైపూర్‌లో 53 రోజుల ధర్నా. దాని చివర ఉప ముఖ్యమంత్రి విలేకరులను పిలిచి, నకళ్లిచ్చే నిబంధన ఆరు నెలల కిందటే గెజెట్‌లో వచ్చేసిందన్నారు. సమాచారం పొందే హక్కు వచ్చిందన్న సమాచారమే జనానికి అందలేదు. దాని కోసం ఆడవాళ్లు, ముసలివాళ్లు అన్ని రోజులు రోడ్డు మీద కూర్చున్నారు.

అక్కడినుంచి కథ పరుగందుకుంది. 1997లో తమిళనాడు, గోవా, 2000లో రాజస్థాన్, కర్ణాటక, తర్వాత ఢిల్లీ, మహారాష్ట్ర సొంత చట్టాలు చేసుకున్నాయి. 2002లో పార్లమెంటు చేసిన చట్టం అమలు తేదీకి నోచుకోలేదు. 2005లో ఇప్పటి చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. రాజస్థాన్ కార్యకర్తల తోడ్పాటుతో అదే జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. కోట్ కిరానాలో ఒక అధికారి దయతో బయటికొచ్చిన మస్టరును మన పల్లెల గ్రామసభల్లో ఈసారి చట్టం ప్రకారమే చదివారు.

చట్టంలో ఏముందో కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. దరఖాస్తు తెలుగులో, తెల్లకాగితం మీద రాయొచ్చు. రాయలేనివాళ్లు నోటితో చెబితే పౌర సమాచార అధికారే రాసిపెట్టాలి. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే అదీ కట్టక్కర్లేదు. తప్పు ఆఫీసులో ఇస్తే వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. జవాబు 30 రోజుల్లో రావాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి డబ్బు తీసుకోకూడదు.

30 రోజులు మౌనంగా ఉంటే నిరాకరించినట్టే లెక్క. ఇది తెలియక ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లే ఎక్కువ. వెంటనే 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి, దీనికి కేంద్రంలో గానీ మన రాష్ట్రాల్లో గానీ ఫీజు లేదు. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నిరాకరణ సబబేనని నిరూపించుకోవాల్సిన బరువు అధికారిదే, అడిగినవాళ్లది కాదు. కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఆయన జీతంలోంచి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా. 18వ సెక్షన్ కింద నేరుగా కమిషన్‌కు ఫిర్యాదు కూడా చేయొచ్చు. అయితే ఆ దారిలో అధికారికి శిక్ష పడవచ్చు గానీ కాగితం ఇప్పించే అధికారం కమిషన్‌కు లేదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితమే కావాలంటే అప్పీలు దారిలోనే వెళ్లాలి.

చట్టం వచ్చాక జరిగిన కథ వరుసగా చెప్పడం కష్టం. 2010లో తలెగావ్‌లో సతీశ్ శెట్టిని, అహ్మదాబాద్‌లో అమిత్ జెఠ్వాను చంపేశారు. భూముల అక్రమాలు, గనుల తవ్వకాల మీద కాగితాలు అడగడమే వాళ్లు చేసిన పని. మరోవైపు మాడభూషి శ్రీధర్ వంటి మన తెలుగు ఆచార్యుడు కేంద్ర కమిషనర్‌గా కూర్చుని సామాన్యుడి పింఛను, భవిష్యనిధి కాగితాలకు విలువ తెచ్చారు. 2019 సవరణతో కమిషనర్ల పదవీకాలం, జీతం నిర్ణయించే అధికారం కేంద్రం చేతికి వెళ్లింది. వ్యక్తిగత సమాచారాన్ని కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట 8వ సెక్షన్‌లో ఆ సమాచారానికి సంబంధించిన ఉపనిబంధనలోనే ఉండేది. 2023 డేటా రక్షణ చట్టం దాన్ని అక్కడినుంచి తీసేసింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం చూడాలన్న మరో సాధారణ నిబంధన చట్టంలో మిగిలే ఉంది. కానీ మస్టరులో పేర్లు కూడా వ్యక్తిగత సమాచారమే అని రేపు ఒక అధికారి రాసిస్తే, దాన్ని తిరగదోడడానికి కూలి మనిషి కమిషన్ దాకా నడవాలి.

కమిషన్ ఉంటేనే కదా నడవడం. తెలంగాణలో 2023 ఫిబ్రవరిలో కమిషనర్ల పదవీకాలం ముగిసింది. తిరిగి నియామకం జరిగింది 2025 మేలో. రెండేళ్లకు పైగా రెండో అప్పీళ్లు వినే మనిషి లేడు. అధికారికి 30 రోజులు, పై అధికారికి 45 రోజులు అని అంత జాగ్రత్తగా రాసిన చట్టం, కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో ఎక్కడా రాయలేదు. ఖాళీ కుర్చీని ఎన్నాళ్లలో నింపాలో కూడా రాయలేదు. ఇప్పుడు చట్టంలోకి ఎక్కించాల్సినవి ఈ రెండు గడువులే.