ఒక్క రాత్రి తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రక్కూడా అదే మాట. కెన్యా కొండల్లో, అబర్డేర్ నేషనల్ పార్కులో ఉన్న ‘ట్రీటాప్స్’ అనే ముసాఫిర్‌ఖానా విషయంలో ఒక్క తేదీయే మొత్తం చరిత్రను మింగేసింది.

అది 1952 ఫిబ్రవరి 5. ఆ రాత్రి బ్రిటన్ షెహజాదీ ఎలిజబెత్ భర్తతో కలిసి అక్కడ మెహమాన్‌గా ఉంది. తెల్లారేసరికి ఇంగ్లండులో ఆమె తండ్రి ఆరవ జార్జ్ ఇంతెకాల్ అయ్యాడు. షెహజాదీగా చెట్టెక్కి మలికాగా దిగిందని లోకమంతా మురిసిపోతూ చెప్పుకుంటుంది. నిజానికి దిగేటప్పుడు ఆమెకేమీ తెలియదు. ఖబర్ అందింది ఆ మధ్యాహ్నం, సగానా లాడ్జిలో. ఆ రాత్రి చెట్టు మీద ఆమెకు తోడున్నవారిలో మన నైనితాల్ షికారీ జిమ్ కార్బెట్ కూడా ఒకడు. 1947లో హిందుస్తాన్ వదిలి పక్కనే ఉన్న న్యేరి పట్టణంలో స్థిరపడ్డాడాయన.

మరి ఆ చెట్టు ఎవరిది?

1932లో ఎరిక్ వాకర్ అనే అంగ్రేజు దొర ఒక ముగుమో చెట్టు మీద ఈ బస కట్టాడు. కింద మడుగుకొచ్చే ఏనుగుల్నీ ఖడ్గమృగాల్నీ మెహమాన్లు పైనుంచి చూడాలని. ముగుమో అంటే అక్కడి కికుయు ప్రజలకు పవిత్రమైన చెట్టు. దాని కిందే దువాలు, ఖుర్బానీలు. కొండకూ వాళ్లు పెట్టుకున్న పేరు న్యాందారువా. 1884లో జోసెఫ్ థామ్సన్ వచ్చి, లండన్‌లోని ఒక లార్డు పేరు మీద దాన్ని అబర్డేర్ చేశాడు. తర్వాత సారవంతమైన జమీన్ తెల్లవాళ్ల ఖబ్జాలోకి పోయింది. జమీన్ ఉన్నవాళ్లు అదే జమీన్‌లో కూలీలయ్యారు.

1952 అక్టోబరులో ఎమర్జెన్సీ వచ్చింది. లోకం ‘మౌ మౌ’ అని పిలిచిన బాగీలు తమ ఫౌజుకు పెట్టుకున్న పేరులో రెండే కోరికలున్నాయి: జమీన్, ఆజాదీ. ఈ అడవే వాళ్ల పనాహ్. 1954 మేలో వాళ్లు ట్రీటాప్స్‌ను తగలబెట్టారు. హుకూమత్ లెక్కలో అది దహ్షత్. లాక్కున్న జమీన్ లెక్కలో ఏమనాలి?

1956 అక్టోబరులో వాళ్ల నాయకుడు దెదాన్ కిమాథీ పట్టుబడ్డాడు. 1957 ఫిబ్రవరి 18న కామితి జైల్లో ఫాఁసీ. అదే ఏడాది, అదే మడుగు పక్కన, ఇంకా పెద్దదిగా కొత్త ట్రీటాప్స్ లేచింది.

2013లో బ్రిటన్ హుకూమత్ తన జుల్మ్‌కు అఫ్సోస్ ప్రకటించింది. చిత్రహింసలు అనుభవించి బతికున్న 5,228 మందికి హర్జానా, ఖర్చులూ కలిపి 1.99 కోట్ల పౌండ్లు ఒప్పుకుంది. జమీన్ మాట అందులో లేదు.

న్యేరి వెళ్లే ముసాఫిర్లకు అక్కడి చర్చి దగ్గర కార్బెట్ ఖబర్ కనిపిస్తుంది. స్కౌట్లకు మూలపురుషుడైన బేడెన్ పావెల్ ఖబర్ కూడా అక్కడే. రాళ్ల మీద పేర్లు చక్కగా చదువుకోవచ్చు. కిమాథీని మాత్రం జైలు ఆవరణలో గుర్తు కూడా పెట్టకుండా పూడ్చేశారు. ఆ మట్టి ఎక్కడుందో చూపమని అతని ఖాందాన్ దశాబ్దాలుగా అడుగుతూనే ఉంది.