క్విల్టు కుట్టిందెవరు?

ఎండాకాలం వచ్చిందంటే మా ఒహాయోలో కౌంటీ ఫెయిర్ల సందడి. 1810 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో ఎల్కానా వాట్సన్ అనే ఆయన రైతులను కూడగట్టి పశువుల ప్రదర్శనలు పెట్టాడు. ఈ తిరునాళ్లకు పునాది అదే. ఆడవాళ్లూ రావాలంటే వాళ్ల చేతిపనికీ బహుమతులుండాలని ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అర్థమైంది.

అందుకే ఇప్పటికీ ఆవుల కొట్టాలు దాటితే క్విల్టుల షెడ్డు వస్తుంది. క్విల్టంటే మన బొంత లాంటిదే. పైన అతుకుల బట్ట, మధ్యన దూది, అడుగున మరో బట్ట, మూడింటినీ పట్టి ఉంచే కుట్టు. మనల్ని ముట్టుకోనివ్వరు. తెల్లటి గ్లవుజులు వేసుకున్న పెద్దావిడ అంచు పట్టుకుని తిరగేసి చూపించారు. పనితనం తెలిసేది వెనకవైపే. అంగుళానికి పదేసి కుట్లు, అన్నీ ఒకే కొలతలో. పక్కనున్న పాత క్విల్టులోని పూల ముక్కలన్నీ కోళ్ల దాణా సంచులవట. పల్లెల్లో ఆ సంచుల గుడ్డతో గౌన్లు కుట్టుకుంటున్నారని గమనించి, 1930ల మాంద్యం నాటికి దాణా కంపెనీలే సంచుల మీద పూలు అచ్చువేసి అమ్మసాగాయి.

అయితే ఫెయిర్లలో అందరి పనికీ ఒకే విలువ దక్కలేదు. హారియెట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. 1886లో ఏథెన్స్ పత్తి ప్రదర్శనలో బైబిలు కథలు అతికిన ఆమె క్విల్టును పెట్టారు. జెన్నీ స్మిత్ అనే చిత్రకారిణి ఎంతైనా ఇస్తానన్నా పవర్స్ అమ్మలేదు. కొన్నేళ్లకు ఇల్లు గడవక తనే తీసుకెళ్లి పది డాలర్లు అడిగితే చేతికొచ్చినవి ఐదు. పదకొండు గడుల్లోని ఒక్కో కథనూ వివరించి మరీ అప్పగించింది. తర్వాత కూడా దాన్ని చూసుకోవడానికి వెళ్లొచ్చేది. ఆ క్విల్టు నేడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వారి సొత్తు.

1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు సియర్స్ కంపెనీ దేశవ్యాప్త క్విల్టు పోటీ పెడితే దాదాపు 24 వేల క్విల్టులు వచ్చాయి. మొదటి బహుమతి వెయ్యి డాలర్లు. పొలాలు వేలంపాటకు పోతున్న రోజుల్లో అది మాటలు కాదు. గెలిచింది కెంటకీకి చెందిన మార్గరెట్ కేడెన్. ఆవిడ అందులో ఒక్క కుట్టూ వేయలేదు. కూలికి కుట్టిన ఆడవాళ్లకు ఆ బహుమతిలో వాటా లేదు. నోరెత్తితే ఉన్న పని కూడా పోతుందని ఊరుకున్నారు. ఆ క్విల్టు అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు కానుకగా వెళ్లింది.

ఇప్పుడు చాలా పోటీల్లో ముక్కలు అతికిందెవరో, పైకుట్టు వేసిందెవరో విడివిడిగా రాయమంటారు. డబ్బిచ్చి మిషను మీద కుట్టించుకున్నా సరే, కుట్టినవాళ్ల పేరు చెప్పాల్సిందే. పత్తి ఏరిన చేతుల్నీ, సూది పట్టిన చేతుల్నీ చాలాకాలం లెక్కలోకి తీసుకోని దేశం ఇంత దూరం వచ్చింది.

ఇంకొంచెం దూరం మిగిలే ఉంది. ఇక్కడి మ్యూజియాల్లో పవర్స్ క్విల్టు కంటే పాతవి కూడా ఉన్నాయి. కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వచ్చిన అద్దకపు బట్టల్లోని పూలను కత్తిరించి అతికినవి కొన్ని. కుట్టిన ఇల్లాలి పేరు కొన్నింటికైనా దొరుకుతుంది. ఆ పూలు వేసిన మన అద్దకందారు పేరు మాత్రం ఏ చీటీ మీదా నాకు కనబడలేదు.