తొలి ముద్ద ఎవరిది? అజ్టెక్ మొక్కజొన్న దేవతలు, ఏలూరు మన్యంలో కొత్త పండుగలు

అజ్టెక్ దేవతల గురించి తెలుగులో కనిపించే పరిచయాలు చాలావరకు ఒక పట్టికతో సరిపెట్టేస్తాయి. త్లాలోక్ వానకు, వీట్సిలోపోచ్‌త్లి యుద్ధానికి, కెట్సల్‌కోఆత్ల్ గాలికి అని మంత్రులకు శాఖలు పంచినట్టు పంచుతాయి. పట్టికలో తప్పు లేదు గానీ, మొక్కజొన్న దేవతల దగ్గరికి వచ్చేసరికి అది చాలదు. పండినదాన్ని మనిషి నోట పెట్టుకునే ముందు దాని మీద మొదటి హక్కు ఎవరిదన్న ప్రశ్న చుట్టూ అల్లుకున్న దేవతలు వీళ్లు. ఏలూరు జిల్లా చింతలపూడి మామిడి తోటల నుంచి తూర్పుగా జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం, పోలవరం మన్యంలోకి వెళితే అదే ప్రశ్న కోయల, కొండరెడ్ల పండుగల్లో ఎదురవుతుంది.

అజ్టెక్‌లకు మొక్కజొన్న ఒకే దేవత కాదు. పాలకంకి దశలో ఆమె షిలోనెన్. ముదిరి, విత్తనంగా దాచుకునే దశలో చికోమెకోఆత్ల్. మొక్కజొన్న దేవుడు సింతెయోత్ల్ వేరే ఉన్నాడు. ఇరవై రోజుల నెలలు పద్దెనిమిది, వాటిపైన అయిదు చెడ్డ రోజులు. ఇదీ వాళ్ల సంవత్సరం. నాలుగో నెలలో ఆడపిల్లలు విత్తనపు కంకులను ఏడేసి చొప్పున కట్టలు కట్టి, వీపున మోసుకుని చికోమెకోఆత్ల్ గుడికి తీసుకెళ్లేవారు. అమ్మ ఎదుట పెట్టి తెచ్చిన ఆ గింజే తర్వాత నేలలో పడేది.

ఎనిమిదో నెల షిలోనెన్‌ది. పాత గింజ అయిపోయి, కొత్తది ఇంకా చేతికి రాని కరువు రోజులవి. ఆ నెలలో పాలకులు పేదలను వరసగా కూర్చోబెట్టి రోజుల తరబడి తిండి పెట్టేవారు. ఆ తర్వాత ఒక స్త్రీని షిలోనెన్‌గా అలంకరించేవారు. పెదవుల చుట్టూ పసుపు రంగు, నుదుట మిరప ఎరుపు, తలపై ఈకల కిరీటం. జుట్టు విరబోసుకున్న స్త్రీలు ఆమెను చుట్టుముట్టి ఆడేవారు. చివరికి ఆమెను సింతెయోత్ల్ గుడిలో బలి ఇచ్చేవారు. అది జరిగాకే లేతకంకుల రొట్టె తినడానికి అందరికీ అనుమతి.

ఏలూరు మన్యంలో మామిడికి ఇలాంటి నియమమే ఉంది. ‘మామిడి కొత్త’ పండుగ చేయకుండా కోయలు, కొండరెడ్లు కొత్త మామిడికాయ తినరు. చెట్టు నిండా కాయ వేలాడుతున్నా ఊరంతా ఆగాల్సిందే. కాయను, కోడిని దేవతకు పెట్టి, ఊరు కలిసి తిన్నాకే ఎవరి ఇంట్లోనైనా మామిడి వాడకం మొదలవుతుంది. చిక్కుడుకూ కొత్త ఉంది. విత్తే ముందు చేసే భూమి పండుగలో గింజలను దేవత దగ్గర పెట్టి పంచుకుంటారు.

మామిడికే ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే టెంక దగ్గరికి వెళ్లాలి. పల్లపు ఊళ్లలో టెంకను పెంటకుప్ప మీద విసిరేస్తాం. మన్యంలో దాన్ని ఎండబెట్టి, లోపలి జీడిని దంచి, నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి, అంబలి కాచుకుంటారు. వానాకాలంలో గింజ అయిపోయిన ఇళ్లను ఆ అంబలే నిలబెట్టింది. షిలోనెన్ పండుగ ఆకలి రోజుల్లో వచ్చినట్టే మామిడి కొత్త వెనకా ఆకలి ఉంది. ఒకడు ముందే కాయ దులిపేసుకుంటే ఇంకొకడి ఇంట అంబలి ఉండదు. దేవత పేరున ఊరు పెట్టుకున్న ఈ ఆంక్షలో భక్తి ఎంత ఉందో న్యాయమూ అంత ఉందని నా అభిప్రాయం.

పోలికను ఇంతకు మించి లాగకూడదు. అజ్టెక్ రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ది సామ్రాజ్యం, లోబడిన ఊళ్ల నుంచి కప్పం పిండుకున్న రాజ్యం. పాలకంకి పండుగను అది రాజధాని గుడిమెట్ల మీదకు ఎక్కించింది, మనిషి ప్రాణాన్ని అందులో భాగం చేసింది. మన్యంలో పండుగ రోజును నిర్ణయించేది ఊరి పెద్దలు, పూజారి. వాళ్ల వెనక సైన్యం లేదు. షిలోనెన్ వేషం కట్టిన స్త్రీని మరిచిపోయి అజ్టెక్ దేవతలను ప్రకృతి ఆరాధన అని పొగిడే రాతలతో నేను ఏకీభవించలేను.

ఈ రెండు చోట్లా ఆధారాల తీరునూ గమనించాలి. షిలోనెన్ గురించి మనకు తెలిసినదాంట్లో చాలాభాగం బెర్నార్దినో ద సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి వల్ల తెలిసింది. 1521లో తెనోచ్‌తిత్లాన్ పడిపోయిన తర్వాత ఆయన స్థానిక పెద్దలను కూర్చోబెట్టి, వాళ్ల నహువాత్ల్ భాషలోనే చెప్పించుకుని, పన్నెండు పుస్తకాలుగా రాయించాడు. ఒక నిలువు వరసలో నహువాత్ల్, పక్కన స్పానిష్. తెలుగునాట గ్రామదేవతల మీద తొలి పుస్తకాల్లో ప్రముఖమైనవీ మిషనరీలవే: 1915లో ఎల్మోర్, 1916లో మద్రాసు బిషప్ వైట్‌హెడ్. కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. ఈ మూడూ ఇంగ్లీషులో ఉన్నాయి. సహగూన్ ఉద్దేశం ఆ దేవతలను తుడిచిపెట్టడమే అయినా, చెప్పినవాళ్ల మాటను వాళ్ల భాషలోనే మిగిల్చాడు.

పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల ఎన్నో కోయ, కొండరెడ్డి ఊళ్లు అడవిని వదిలి పునరావాస కాలనీలకు చేరాయి. కొత్త పెట్టే చెట్టు, దేవత కూర్చున్న చోటు వెనకే ఉండిపోయాయి. ఆ పండుగలు చేయించిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. విశ్వవిద్యాలయాల జానపద విభాగాలు, కోట రామచంద్రపురం ఐటీడీఏ కలిసి వాళ్ల మాటను కోయభాషలోనూ, కొండరెడ్ల తెలుగులోనూ చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయాలి. ఈ పని వచ్చే మామిడి కాపుకే మొదలుపెట్టాలి.