నగర విద్యలో ప్రవేశం: ఒక దరఖాస్తు వెనుక చరిత్ర

మీలో కొందరు ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఈ కోర్సులో చేరి ఉంటారు. ఇంకొందరు బడి మధ్యలో మానేసి, ఏళ్ల తర్వాత అర్హత పరీక్ష రాసి వచ్చి ఉంటారు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అది ఎదుర్కొన్న ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇదే: పై చదువుకు ఎవరు అర్హులో ఎలా తేల్చాలి? ఇదే ప్రశ్నకు అమెరికాలో వచ్చిన జవాబులను ఈ పాఠంలో ఒక ఉదాహరణ ద్వారా చూద్దాం.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2021లో ‘అర్బన్ టెక్నాలజీ’ అనే డిగ్రీ కోర్సు మొదలైంది. నగరాల అధ్యయనం, కంప్యూటర్ పరిజ్ఞానం, డిజైన్ మూడూ కలిసిన నాలుగేళ్ల బి.ఎస్. కోర్సు ఇది. హైస్కూలు ముగించిన విద్యార్థి నేరుగా మొదటి సంవత్సరానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ చివరి వాక్యం చాలా మామూలుగా కనిపిస్తుంది. కానీ దాని వెనుక రెండు చరిత్రలు ఉన్నాయి. ఒకటి ప్రవేశ విధానానిది, రెండోది నగర విద్యది.

ముందుగా ప్రవేశ విధానం సంగతి. ఈ విశ్వవిద్యాలయం 1817లో డెట్రాయిట్‌లో పుట్టి, 1837లో ఆన్ ఆర్బర్ అనే చిన్న ఊరికి మారింది. ఆ రోజుల్లో చేరదలచినవారిని అధ్యాపకులే లాటిన్, గ్రీకు, గణితం వంటి విషయాల్లో పరీక్షించేవారు. ఇంట్లో గురువును పెట్టుకోగలిగినవారికో, మంచి బడి దగ్గర ఉన్నవారికో అది సాధ్యమయ్యేది. 1870లో మొదటిసారి స్త్రీలకు ప్రవేశం దొరికింది. ఆ మరుసటి ఏడాది ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అధ్యాపకులే హైస్కూళ్లకు వెళ్లి బోధన ఎలా ఉందో చూస్తారు. బాగుందని తేలిన బడి ఇచ్చిన సర్టిఫికెట్టు ఉంటే విద్యార్థి ప్రవేశ పరీక్ష రాయనక్కరలేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పరీక్ష విద్యార్థికి కాదు, బడికి! ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు విశ్వవిద్యాలయం తలుపు తెరిచిన మార్పుల్లో దీన్ని నేను మొదటి వరసలో పెడతాను.

తర్వాతి ఘట్టం అంత గర్వించదగ్గది కాదు. 1920ల నాటికి హార్వర్డ్, కొలంబియా వంటి సంస్థల్లో యూదు విద్యార్థుల సంఖ్య పెరిగింది. పరీక్షల్లో వాళ్లు బాగా నెగ్గుతున్నారు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ వారి సంఖ్యకు పరిమితి పెట్టాలని ప్రతిపాదిస్తే గొడవ అయింది. బాహాటంగా చెయ్యలేని పనికి దరఖాస్తు ఫారం ఉపయోగపడింది. మతం ఏమిటి, తండ్రి ఎక్కడ పుట్టాడు, ఇంటి పేరు ఎప్పుడైనా మార్చుకున్నారా అని అడిగారు. ఫొటో జతచెయ్యమన్నారు. మార్కులతో పాటు ‘వ్యక్తిత్వం’ చూస్తామన్నారు. నేడు మన పిల్లలు అమెరికా కాలేజీలకు పంపే సిఫారసు లేఖలకు, స్వీయ పరిచయ వ్యాసాలకు మూలాలు కొంతవరకు ఈ ఫారంలో ఉన్నాయి. ఒకరిని బయట ఉంచడానికి వాడిన పనిముట్టే తర్వాతి తరాల్లో ఇతరులను లోపలికి తేవడానికీ పనికొచ్చింది.

అలా తేవడంలోనూ వివాదం తప్పలేదు. 1990ల చివర మిషిగన్ విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశాలకు 150 పాయింట్ల పట్టిక వాడేది. అందులో ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న మైనారిటీ వర్గాలవారికి 20 పాయింట్లు. 2003లో అమెరికా సుప్రీంకోర్టు ఈ పట్టికను కొట్టేసింది. కానీ ఒక్కొక్కరి దరఖాస్తును విడిగా చదివి, జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూసే న్యాయకళాశాల పద్ధతిని అదే రోజు సమర్థించింది. 2006లో ఆ రాష్ట్ర ఓటర్లు జాతి ప్రాతిపదికనే నిషేధించారు. కాబట్టి అక్కడ మన ఈఏపీసెట్‌లా ర్యాంకు లేదు, కటాఫ్ లేదు, రిజర్వేషనూ లేదు. ఫైలు మొత్తం చదివి నిర్ణయిస్తారు. సీటు ఎందుకు రాలేదో మాత్రం రానివారికి తెలియదు. ర్యాంకుల పద్ధతిని మనం ఎంత తిట్టుకున్నా ఆ జవాబు మాత్రం అది ఇస్తుంది.

ఇక నగర విద్య. 1909లో ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో సబ్బుల వ్యాపారి విలియం లీవర్ ఇచ్చిన డబ్బుతో నగర రూపకల్పన శాఖ ఏర్పడింది. ప్రపంచంలో ఇలాంటి శాఖల్లో మొదటిది ఇదే. చాలాకాలం ఈ చదువు అప్పటికే ఆర్కిటెక్టో ఇంజనీరో అయినవారికే పైచదువుగా ఉండేది. ఈ హద్దును పట్టించుకోనివాడు ప్యాట్రిక్ గెడ్డెస్. వృత్తిరీత్యా వృక్షశాస్త్రవేత్త. 1914లో తన నగర ప్రదర్శనతో మద్రాసుకు బయలుదేరాడు. పటాలు, బొమ్మలు మోస్తున్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ముంచేసింది. అంతకు కొద్ది వారాల ముందు మద్రాసు మీద గుళ్లు కురిపించి జనాన్ని పరుగులు పెట్టించిన ఎండెనే అది. మిత్రులు మరో ప్రదర్శన సమకూర్చి పంపారు. గెడ్డెస్ మన దేశపు ఊళ్లలో సందుసందూ నడిచి, ముందు చూడండి, తర్వాతే కూల్చండి అన్న ధోరణిలో నివేదికలు రాశాడు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. మన దగ్గర ఇంటర్ తర్వాత నేరుగా ప్లానింగ్ డిగ్రీలో చేరే వీలు చాలా ఆలస్యంగా వచ్చింది. విజయవాడలో ఇందుకోసం కేంద్ర సంస్థ 2008లో మొదలైంది.

కంప్యూటర్లు వచ్చాక నడిచి చూడటం పాతబడిందనిపించింది. 1969లో న్యూయార్క్ నగరం రాండ్ సంస్థతో కలిసి ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. ఫైర్ ఇంజను ఎంతసేపట్లో చేరుతుందన్నది వారి నమూనాల్లో ముఖ్యమైన కొలమానం. 1970లలో డబ్బుకు కటకటలాడిన నగరం, ఆ లెక్కల ఆసరాతో తరచూ మంటలు లేచే బ్రాంక్స్ వంటి పేద ప్రాంతాల్లోనూ స్టేషన్లు మూసింది. అక్కడ వీధులకు వీధులే కాలిపోయాయి. మిషిగన్ దగ్గరి కథ డెట్రాయిట్‌ది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020 నాటికి 6.4 లక్షలకు పడిపోయింది. బ్లాక్ బాటమ్ అనే నల్లజాతి పేటను కూల్చేసి, ఆ వైపుగా ఎక్స్‌ప్రెస్ రహదారి వేశారు. లెక్క తెలిసినవారు వీధిని, వీధి తెలిసినవారు లెక్కను వదిలేస్తే ఏమవుతుందో ఈ రెండు నగరాల్లో కనిపిస్తుంది. రెండూ మొదటి ఏడాది నుంచే కలిపి నేర్పాలన్న ఆలోచనను ఈ నేపథ్యంలో చూడాలి.

అందుకే దరఖాస్తును ఇప్పుడు మళ్లీ చూడండి. 1975లో 15 కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ‘కామన్ అప్లికేషన్’ ద్వారా దాన్ని పంపవచ్చు. హైస్కూలు మార్కులు, ఉపాధ్యాయుల లేఖ ఉంటాయి. మిషిగన్ చాలా ఏళ్లపాటు అడిగిన ప్రశ్న మరొకటి ఉండేది: మీరు ఏ సమూహానికి చెందినవారు, అందులో మీ స్థానం ఏమిటి? కులం, మతం, ఊరు, వీధి, పంపు దగ్గర వరస, ఏదైనా కావచ్చు. వెనకటి ఫారం కూడా నువ్వెవరివని అడిగింది.

అభ్యాసం: మీ వీధిలో నీళ్లు, చెత్త, బస్సు, దీపాలలో ఏదో ఒకటి ఎంచుకోండి. వారం రోజులు గమనించి, ఎవరికి అందుతోందో, ఎవరికి అందడం లేదో 300 మాటలకు మించకుండా రాయండి. అంకెలు వాడితే అవి ఎవరు లెక్కపెట్టినవో కూడా రాయండి.