చిన్ననాటి మూర్ఛ – పెద్దయ్యాక ఏమవుతుంది?

పిల్లలకు మూర్ఛ, అంటే మనం మామూలుగా ఫిట్స్ అనే జబ్బు ఉందని తెలియగానే తల్లిదండ్రులు డాక్టరును అడిగే మొదటి ప్రశ్న "ఇది తగ్గుతుందా?" అని. రెండో ప్రశ్న చాలామంది పైకి అడగరు. చదువు, ఉద్యోగం, పెళ్లి సంగతి ఏమిటన్నదే ఆ ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు చాలామంది అనుకునేదాని కన్నా ఆశాజనకంగానే ఉంది. రెండో దానికి మాత్రం మందులు ఒక్కటే సరిపోవు. ఈ రెండింటి గురించి ఇప్పటిదాకా తెలిసిన విషయాలను ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఒక మాట. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో పాటు వచ్చే ఫిట్స్ మూర్ఛ వ్యాధి కాదు. నూటికి 2 నుంచి 5 మంది పిల్లల్లో ఇవి కనిపిస్తాయి. చాలామందిలో వయసుతో పాటు పోతాయి. జ్వరం లాంటి తక్షణ కారణమేదీ లేకుండా మళ్లీ మళ్లీ వచ్చే ఫిట్స్‌నే మూర్ఛ వ్యాధి అంటారు.

ఎంతమందికి తగ్గుతుంది?

దీనికి మంచి ఆధారం ఫిన్లాండ్‌లోని తుర్కు నగరం నుంచి వచ్చింది. అక్కడ 1961-64 మధ్య మూర్ఛ ఉన్నట్లు తేలిన 245 మంది పిల్లలను డాక్టర్ సిల్లాన్‌పా బృందం కొన్ని దశాబ్దాల పాటు గమనించింది. 1998లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చివరి పరీక్షల నాటికి జీవించి ఉన్న 176 మందిలో 112 మందికి, అంటే నూటికి 64 మందికి, కనీసం ఐదేళ్లుగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. వారిలో 83 మంది మందులు కూడా మానేశారు. ఎమ్మారై స్కాన్లు, నేటి కొత్త మందులు లేని కాలంలో మొదలైన వైద్యంతో వచ్చిన ఫలితాలివి.

ఏ రకం మూర్ఛ అన్నదే ముఖ్యం

మూర్ఛ ఒకే జబ్బు కాదు. రకాన్ని బట్టి భవిష్యత్తు మారుతుంది.

- రోలాండిక్ మూర్ఛ: ఎక్కువగా నిద్రలో వస్తుంది. మూతి ఒక పక్కకు లాగుతుంది, మాట రాదు. దాదాపు అందరికీ టీనేజి ముగిసేలోగా పోతుంది.
- చైల్డ్‌హుడ్ ఆబ్సెన్స్: పిల్లలు కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. టీచర్లు పరధ్యానం అనుకుంటారు. ఎక్కువమందికి తగ్గిపోతుంది.
- జువెనైల్ మయోక్లోనిక్: టీనేజిలో మొదలవుతుంది. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడినట్లు అదురుతాయి. మందులకు బాగా లొంగుతుంది గానీ, చాలామంది ఏళ్ల తరబడి మందు వాడాల్సి ఉంటుంది.
- డ్రావే, లెనాక్స్-గాస్టో లాంటివి: అరుదు, తీవ్రం. ఫిట్స్‌తో పాటు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. జీవితాంతం ఆసరా అవసరమవుతుంది.

మన దేశం నుంచి వచ్చే పిల్లల విషయంలో మరో కారణాన్ని గుర్తుంచుకోవాలి. బద్దెపురుగు గుడ్లు కలుషితమైన ఆహారం, నీటి ద్వారా కడుపులోకి చేరితే మెదడులో చిన్న గడ్డ ఏర్పడి ఫిట్స్ రావచ్చు. పంది మాంసం ముట్టని శాకాహారులకు కూడా ఇది వస్తుంది. ఒకే గడ్డ ఉన్న పిల్లల్లో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఇండియా వెళ్లి వచ్చిన పిల్లలకు ఫిట్స్ వస్తే ఆ ప్రయాణం సంగతి ఇక్కడి డాక్టరుకు తప్పక చెప్పండి. అడిగే దాకా ఆగవద్దు.

రెండు మందులతో తగ్గకపోతే

సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. ఆ దశలో మూడు, నాలుగు మందులు మారుస్తూ ఏళ్లు గడపకుండా మూర్ఛ నిపుణుల కేంద్రానికి వెళ్లాలి. కొందరికి ఆపరేషన్ మేలు చేస్తుంది. ఢిల్లీలోని ఎయిమ్స్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి 116 మంది పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ జరిగిన వారిలో నూటికి 77 మందికి ఫిట్స్ ఆగాయి. మందులు మాత్రమే వాడిన వారిలో ఆగింది నూటికి 7 మందికే. ఆపరేషన్‌కు పనికిరాని వారికి కీటోజెనిక్ ఆహారం, వేగస్ నరాన్ని ప్రేరేపించే పరికరం వంటి మార్గాలున్నాయి.

మందులు ఎప్పుడు ఆపాలి?

సాధారణంగా రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిస్తే డాక్టర్లు మందు ఆపే విషయం ఆలోచిస్తారు. ఆపిన వారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మళ్లీ రావచ్చు. కాబట్టి సొంతంగా ఆపవద్దు, ఒక్కసారిగా అసలే ఆపవద్దు. పదేళ్లుగా ఫిట్స్ లేకుండా, అందులో చివరి ఐదేళ్లు మందు కూడా లేకుండా ఉన్న వారికి మూర్ఛ పోయినట్లేనని అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2014లో నిర్వచించింది.

ఫిట్స్ ఆగినా మిగిలేవి

తుర్కు పిల్లలు పెద్దయ్యాక, వారిని అదే వయసు వారితో పోల్చి చూశారు. చదువు ప్రాథమిక స్థాయిలో ఆగిపోయినవారు, ఉద్యోగం లేనివారు, పెళ్లి కానివారు మూర్ఛ ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపించారు. వీరిలో కొందరికి ఇతర మెదడు సమస్యలు కూడా ఉన్న మాట నిజమే. కానీ కెనడాలోని నోవా స్కోషియాలో 1997లో వెలువడిన అధ్యయనం ఇంకో విషయం చెప్పింది. "తేలిక రకం" అనుకునే ఆబ్సెన్స్ మూర్ఛ వచ్చిన పిల్లలు, కీళ్లవాతం వచ్చిన పిల్లల కన్నా పెద్దయ్యాక చదువులోనూ సామాజికంగానూ వెనుకబడి ఉన్నారు.

అందుకే ఈఈజీ బాగుందన్న మాటతో ఆగిపోకూడదు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దిగులు, ఆందోళన – వీటిని కూడా పరీక్ష చేయించాలి. స్కూలుకు చెప్పకుండా దాచితే బిడ్డకు రావలసిన సాయం రాదు. అమెరికాలో 504 ప్లాన్, ఐఈపీ ద్వారా పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడిగే హక్కు మీకుంది.

ప్రాణాపాయం

ఇది ఇష్టం లేకపోయినా మాట్లాడుకోవాల్సిన విషయం. తుర్కు బృందాన్ని 40 ఏళ్లు గమనించాక 2010లో ప్రచురించిన లెక్కల్లో 245 మందిలో 60 మంది చనిపోయారు. మామూలుగా ఉండాల్సిన దానికి ఇది మూడు రెట్లు. వారిలో 18 మందివి కారణం తెలియని ఆకస్మిక మరణాలు. ఆరుగురు నీళ్లలో మునిగి పోయారు. ఫిట్స్ పూర్తిగా ఆగని వారిలోనే ముప్పు ఎక్కువ. కాబట్టి మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఈతకొలనులో పక్కన ఒక మనిషి ఉండాలి. స్నానానికి బాత్‌టబ్ కన్నా షవర్ మేలు.

ఫిట్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవండి.

ఆడపిల్లలు, పెళ్లి

వాల్‌ప్రోయేట్ మంచి మందే గానీ, గర్భిణిగా ఉన్నప్పుడు వాడితే నూటికి సుమారు పదిమంది శిశువుల్లో అవయవ లోపాలు, 30 నుంచి 40 మందిలో ఎదుగుదల సమస్యలు వస్తాయి. 2018 నుంచి బ్రిటన్‌లో గర్భనిరోధక ఏర్పాటు లేకుండా గర్భం దాల్చే వయసు స్త్రీలకు దీన్ని ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. ఈ మందు మీద ఉన్న అమ్మాయి టీనేజికి రాగానే డాక్టరుతో మాట్లాడండి. పెళ్లి కుదిరే దాకా వాయిదా వేయవద్దు. వేరే మందులతో ఎందరో ఆరోగ్యవంతులైన బిడ్డలను కంటున్నారు.

హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ కూడా పెళ్లికి అనర్హతగా ఉండేది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. చట్టం మారినా మన సంబంధాల మాటల్లో ఆ భయం పోలేదు. దాచి చేసిన పెళ్లిళ్లలో కొత్త కోడలు మాత్రలు దాచుకుని వేసుకోవడం, పూటలు తప్పడం, ఫిట్స్ తిరగబెట్టడం జరుగుతాయి. విషయం ఆ తర్వాత కోర్టుల దాకా వెళ్తుంది. ముందే చెబితే ఒక సంబంధం తప్పిపోవచ్చు. కానీ కుదిరిన సంబంధం నిలుస్తుంది.

దేశం మారేటప్పుడు

ఉద్యోగాల కోసం దేశాలు మారే కుటుంబాలు ఒక ఫైలు తయారుగా ఉంచుకోవాలి. అందులో మూర్ఛ రకం, ఈఈజీ, ఎమ్మారై రిపోర్టులు, వాడి మానేసిన మందులు, ఇప్పటి మందు అసలు పేరు, మోతాదు ఉండాలి. బ్రాండు పేరు మరో దేశంలో పనికిరాకపోవచ్చు. గల్ఫ్ దేశాల్లో కొన్ని మూర్ఛ మందులు నియంత్రిత జాబితాలో ఉంటాయి. ఎమిరేట్స్ వెళ్లేవారు ముందుగానే అనుమతి తీసుకోవాలి.

పద్దెనిమిదేళ్లకు పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారాల్సి వస్తుంది. అప్పటిదాకా అమ్మే గుర్తుచేసి మాత్ర వేసిన బిడ్డ, కాలేజి హాస్టల్లో ఒంటరిగా ఆ బాధ్యత మోయాలి. పన్నెండు, పదమూడేళ్ల నుంచే తన జబ్బు పేరు, మందు పేరు తన నోటితో చెప్పడం అలవాటు చేయండి. డ్రైవింగ్ నియమాలు, నిద్ర, మద్యం గురించి దాపరికం లేకుండా మాట్లాడండి. తన జబ్బు గురించి సిగ్గుపడకుండా చెప్పగల పిల్లలు అవసరమైనప్పుడు సాయం కూడా అడగగలుగుతారు.