పలనాటి నీరు – ముదిమిలో ఎముకలు

పలనాడులో వినుకొండ, బొల్లాపల్లి, వెల్దుర్తి ప్రాంతములందు నేలలోని నీటిలో ఫ్లోరైడు మితిమీరిన చోట్లు గలవు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదని నియమము. దాటిన నీటిని పసితనమునుండి త్రాగినవారి పండ్లపై మచ్చలు పడును. ఏండ్లు గడచిన కొలది మెడ, నడుము బిగుసుకొనును.

ఈ జబ్బును వినుకొండకు దక్షిణమున, అప్పటి నెల్లూరు జిల్లాలో పరిశీలించి షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనువారు 1937లో ప్రకటించిరి. ఎక్స్‌రే చిత్రములలో రోగుల వెన్నుపూసలు సుద్దవలె తెల్లగా, దట్టముగా కనిపించెను. పూసలను కట్టియుంచు స్నాయువులు సయితము ఎముకగా మారుటచే వెన్ను వంగదు. లోపలి నరములు నొక్కుకొన్నచో కాళ్ళు పడిపోవును.

తరువాత పంజాబులో పరిశీలించినవారు ఈ అవిటితనము మగవారిలోనే ఎక్కువ యనిరి. ఎండలో బరువుపని చేయువాడు ఎక్కువ నీరు త్రాగును గనుక ఇది సబబుగానే తోచును. అయితే పలనాటిలో కలుపు తీసినది, నీళ్ళబిందె మోసినది ఆడవారే గదా! ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కించుట వేరు, ఊరివారిని లెక్కించుట వేరు.

1967లో సాగరు కాలువలకు నీరు వదలిరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు కృష్ణకు ఆవలి నల్లగొండ ప్రాంతములో మరియొక రూపమును వెల్లడించిరి: మోకాళ్ళు రాసుకొనుచు పాదములు ఎడమగుట, ఎముకలు గుల్లబారుట. అదియు మగపిల్లలలోనే ఎక్కువ.

మరి స్త్రీల సంగతి? కాన్పులు, చంటిపిల్లలకు పాలిచ్చుట శరీరములోని సున్నమును కోరును. ముట్లుడిగిన పిమ్మట ఎముక వేగముగా తరుగును. ఫ్లోరైడు ఎముకను దట్టపరచును గనుక ఈ తరుగుదలకు అదే మందు కాగలదని ఒకప్పుడు వైద్యులు ఆశించిరి. అమెరికాలో రిగ్స్ బృందము ఎముకలు గుల్లబారిన 202 మంది స్త్రీలను రెండుగా విభజించి, ఒక భాగమునకు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు నాలుగేండ్లు ఇచ్చి, ఫలితములను 1990లో ప్రకటించెను. వెన్నుపూసల సాంద్రత 35 శాతము పెరిగినది. కాని పూసలు విరుగుట చెప్పుకోదగినంత తగ్గలేదు. వెన్ను గాక ఇతర ఎముకలు విరుగుట పెరిగినది! ముంజేతి ఎముకలో సాంద్రత తరిగినది కూడ.

మాత్ర వేరు, బావినీరు వేరు. అయినను బొల్లాపల్లి ముసలమ్మ నడుమునొప్పితో వచ్చినపుడు ఎక్స్‌రేలో వెన్ను దట్టముగా నున్నంతమాత్రమున ఆమె ఎముకలు బలమైనవని నిర్ణయింపరాదు. ముసలాయనకు ముఖ్యముగా బిగిసిన వెన్ను, నరముల ఒత్తిడి చూడవలెను. ఆమెకు అవియు చూచి, జారిపడిన తుంటి సంగతి, తినే తిండిలోని సున్నము సంగతి కూడ విచారింపవలెను. మంచినీరు అందిన తరువాత కొత్తగా చేరు ఫ్లోరైడు తగ్గును గాని, ఎముకగా మారిన స్నాయువు తిరిగి మెత్తబడదు.