వస్తాదు
హెవీవెయిట్ బాక్సర్ కనిపిస్తే చాలు, వస్తాదు అనేస్తాం. పుట్టుకలో ఆ మాటకు ఒంటి బరువుతో సంబంధమే లేదు. పారసీకంలో ‘ఉస్తాద్’ అంటే గురువు, విద్యలో ఆరితేరినవాడు. ఉర్దూ మీదుగా తెలుగుకొచ్చి, ‘ఒక’ను ‘వక’ అని పలికే నోళ్లలో వకారం తొడుక్కుని వస్తాదైంది. హిందుస్థానీ సంగీతంలో అదే మాట ఇప్పటికీ విద్వాంసుడి బిరుదు; మన దగ్గర తాలింఖానాలో కుస్తీ నేర్పే గురువుకు చెల్లి, చివరికి కండలున్న ప్రతివాడికీ అంటుకుంది. పహిల్వాన్‌దీ పారసీకమే, అర్థం వీరుడు. మల్లుడు సంస్కృతం నుంచి వచ్చినవాడు. విద్య నేర్పే పెద్దరికం మాత్రం వస్తాదుకే ఉంది. వాడుక మారితే తప్పేమిటని అడగవచ్చు. మారడం తప్పు కాదు, కానీ పాత అర్థం పోతే ఆటను చూసే చూపూ పోతుంది. ఉదాహరణకు, 2015 నవంబర్ 28న డ్యూసెల్‌డార్ఫ్‌లో హెవీవెయిట్ బాక్సర్లు వ్లాదిమిర్ క్లిచ్కో, టైసన్ ఫ్యూరీ 12 రౌండ్లు తలపడ్డారు. ఒక్కరూ నేలకొరగలేదు, అభిమానులు ఉసూరుమన్నారు. క్లిచ్కో దెబ్బల్లో తగిలినవి 52 మాత్రమే. ఆ చప్పదనానికి ఇద్దరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. 11 ఏళ్లుగా ఓటమెరుగని క్లిచ్కోను కొట్టనివ్వకుండా చేసిన ఫ్యూరీది విద్యే. పాత అర్థంలో అతను వస్తాదే. చేవ ఉండీ చెయ్యి ఆడించని క్లిచ్కోకే ఆ రాత్రి ఆ మాట చెల్లదు. రొంపిచెర్ల వైపు బండలాగుడు పోటీల్లో ఎద్దు ఒడ్డూపొడుగూ ముచ్చటగానే చూస్తారు, బహుమతి మాత్రం బండ కదిలిన దూరానికే.